దొంగరాయిని గుర్తుపట్టింది నేను కాదు

1962 చలికాలం. అప్పటికి నేను హన్మకొండలో ఒక కాలేజీలో జియాలజీ డిమాన్‌స్ట్రేటర్‌ని. సెలవులన్నీ ములుగు రోడ్డు మీదే గడిచేవి. పురాతన అగ్నిపర్వత శిలల్లో నికెల్, రాగి నిక్షేపాలు అనేది నా పీహెచ్‌డీ అంశం. వరంగల్‌లో అగ్నిపర్వతమేమిటని నవ్విన వాళ్లకు నా జవాబు ఒకటే: వందల కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లావా పారింది. కొండలు అరిగిపోయాయి, గడ్డకట్టిన లావా మాత్రం నల్లరాయిగా నేలలో మిగిలింది. కొన్నిచోట్ల ఆ రాతిలో గంధకంతో కలిసి నికెల్, రాగి ఉంటాయి. ఆ జాడ పట్టుకోవడమే నా పని.

అందులో ఒక చిక్కు ఉంది. ఈ ప్రాంతంలో నల్లరాయి రెండు రకాలు. ఒకటి ఆ పాత లావా. రెండోది డోలరైట్, అంటే చాలాకాలం తర్వాత నేల పగుళ్లలోకి చొచ్చుకొచ్చి గోడలా నిలిచిపోయిన రాయి. ఎండకూ వానకూ పైపొర మారిపోయాక రెండూ కంటికి ఒక్కలాగే కనిపిస్తాయి. నేను వెతికే లోహాలు మాత్రం లావాలోనే ఉండాలి.

రెండు చలికాలాలు ట్రావర్స్‌లు నడిచాను. కంపాస్ పట్టుకుని, ఒకే దిశలో అడుగులు లెక్కపెట్టుకుంటూ, ఎదురైన ప్రతి రాయినీ నోట్‌బుక్కులో ఎక్కించుకుంటూ పోవడాన్ని ట్రావర్స్ అంటాం. చివరికి నా మ్యాపులో నల్లరాయి అంతటికీ ఒకే రంగు పడింది. డోలరైట్ రంగు. పది రోజుల్లో మా గైడు మ్యాపు పరిశీలించడానికి హైదరాబాద్ నుంచి వస్తున్నారు. ఆ రంగే నిజమైతే నా అంశానికి ఈ నేలలో చోటే లేదు. రెండేళ్ల పని పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఆ రోజుల్లో ములుగుకు ఇవతల రోడ్డు పని జరుగుతోంది. రోడ్డు వారగా పది, పన్నెండు మంది కూర్చుని కంకర కొడుతుండేవాళ్లు. ఒక మధ్యాహ్నం మంచినీళ్లు అడుగుదామని వాళ్ల దగ్గర ఆగాను. నలభై ఏళ్ల మనిషి ఒకామె ముంత అందిస్తూ అడిగింది.

"ఏం సారూ, రాళ్లకు సుస్తయిందా? దినాం సుత్తె వట్టుకొని నాడి చూస్తానవ్."

అందరూ నవ్వారు. ఆమె పేరు కొమురమ్మ. నీళ్లు తాగుతూ చూస్తే ఆమె కుప్పకు దూరంగా కొన్ని రాళ్లు విసిరేసి ఉన్నాయి. అవీ నల్లగానే ఉన్నాయి.

"అవెందుకు పక్కకు పారేసినవ్?" అని అడిగాను.

"అది దొంగరాయి. పైకి మంచిరాయి లెక్కనే ఉంటది. రోడ్డుకేస్తే రెండు వానలకు తుప్పువట్టి పొడి పొడి అయితది. మా కుప్పల ఒక్కటి కనవడ్డా మేస్త్రి కుప్పంత కాలుతోని తన్నిపోతడు. మల్ల మొదటికెల్లి కొట్టాలె."

"రెండు నల్లగనే ఉన్నయ్ గద, ఎట్ల గుర్తువడ్తవ్?"

"చదివినోనివి, నీకు తెల్వదా?"

"మాకు రంగు చూసుడే నేర్పిన్రు."

"రంగుల ఏముంటది సారూ! ఎండల కూసుంటే నేను నల్లగైన, నువ్వు నల్లగైతానవ్."

మళ్లీ నవ్వులు. ఆమె మంచిరాయిని సుత్తితో కొట్టింది. ఖంగున మోగింది. తర్వాత దొంగరాయిని కొట్టింది. మొద్దుగా, గోనెసంచి మీద కొట్టినట్టు చప్పుడైంది.

"మంచిరాయి మోగుతది. గిది మూల్గుతది. ఇగో, జర వాసన చూడు."

విరిగిన ముక్కను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన. అంటే గంధకం. లోపల సన్నటి ఇత్తడి రంగు మెరుపులు. రెండేళ్లుగా వాసన చూడకుండా, చెవి పెట్టకుండా ఆ రాళ్ల మీద నుంచే నడిచాను.

"ఇది ఏడికెల్లి తెచ్చిన్రు?"

"గా కనవడే బోడగుట్టకెల్లి. నడువు, చూపిస్త."

ఆ గుట్ట నాకు కొత్తది కాదు. కిందటి ఏడాది అక్కడ నా కంపాస్ ముల్లు ఇష్టమొచ్చినట్టు తిరిగితే, 'కంపాస్ చెడింది' అని రాసుకుని వెనక్కి వచ్చేశాను. చెడింది కంపాస్ కాదు. రాతిలోని ఆ గంధకపు ఖనిజానికి అయస్కాంత గుణం ఉంది, అదే ముల్లును లాగింది. కొమురమ్మ చూపించిన చోట ఎర్రటి తుప్పు గడ్డలు పైకి తేలి ఉన్నాయి. మా వాళ్లు దాన్ని గోసన్ అంటారు. కింద లోహం ఉన్నప్పుడు పైన పట్టే తుప్పు టోపీ అది.

మర్నాడు రసాయనాల సీసాలు ఆమె దగ్గరికే పట్టుకుపోయాను. రాయి పొడిని ఆమ్లంలో కరిగించి, అమోనియా పోసి వడగట్టాను. తేట నీలిరంగుకు తిరిగింది. రాగి ఉంది. అందులో డైమిథైల్ గ్లయాక్సిమ్ అనే మందు చుక్కలు వేశాను. నికెల్ ఉంటేనే ఎరుపెక్కుతుంది. మొదటి చుక్కకే ఎర్రబడింది.

"కుంకుమ కలిపినవా సారూ?" అంది కొమురమ్మ.

"నేనేం కలపలే. నీ దొంగరాయిల ఉన్నదే."

"చూసినవా! మేస్త్రి తన్నిన రాయి."

ఆ రోజు నా నోట్‌బుక్కులో ఇలా ఉంది: 'చోటు 41. గోసన్. నికెల్, రాగి రెండూ ఉన్నాయి. చూపినది కొమురమ్మ.'

తర్వాత మూడు రోజులు ఆమె నాతో నడిచింది. నల్లరాయి కనిపించిన చోటల్లా సుత్తి వేసేది, "మోగింది", "మోగలే" అని చెప్పేది. మోగితే డోలరైట్, మోగకపోతే లావా అని నేను మ్యాపులో రంగు దిద్దుకునేవాణ్ని. డోలరైట్ రంగు సన్నటి గీతలకు తగ్గింది. లావా రంగు మైళ్ల పొడవునా పరుచుకుంది. మూడో రోజు ఆమె అడిగింది.

"నీ బుక్కుల నా పేరు గూడ రాస్తవా?"

"రాస్త."

"ఒట్టిగ అంటానవా? ఈ రోడ్డంత మేం కొట్టిన రాయే. మైలురాయి మీద మా పేరుంటదా? నీ బుక్కులనన్న ఉండనీ."

"తప్పకుంట రాస్త" అన్నాను.

గైడు వచ్చారు. సుత్తి తీసుకుని తామే కొట్టి చూశారు. గుట్ట వెనక వాలులో, నీళ్లలో పారి చల్లబడిన లావాకు మాత్రమే వచ్చే దిండు ఆకారాలు కనిపించాక నా భుజం తట్టారు. ఆ మ్యాపు చూసుకుంటే నాకు ఇవాళ్టికీ ఛాతీ పొంగుతుంది. తర్వాతి కాలంలో సర్కారు డ్రిల్లింగ్ వాళ్లు అక్కడ రంధ్రాలు వేస్తే, నేను గీత గీసిన చోటే లావా తగిలింది. గని తవ్వేంత లోహం లేదు గాని, గీత మాత్రం తప్పలేదు.

తప్పింది నేను. 1965లో థీసిస్ ఇచ్చాను. ఎనభై ఏడో పేజీలో, 'క్రమబద్ధమైన ట్రావర్స్‌ల ద్వారా గ్రంథకర్త ఈ చోటును కనుగొన్నాడు' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఉంది. కంకర కొట్టే మనిషి చూపించిందని రాస్తే పరిశోధన పలుచనైపోతుందని భయపడ్డాను. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, బయటి నుంచి వచ్చిన పెద్దాయన అడిగారు.

"చప్పుడుతో, వాసనతో రాయిని వేరు చేయడం బాగుంది. ఎవరు నేర్పారు?"

"అలవాటు మీద వచ్చిందండీ" అన్నాను.

ఆయన మెచ్చుకున్నారు. నా పేరు ముందు డాక్టర్ చేరింది. దండలు పడ్డాయి. ములుగు రోడ్డు వైపు మళ్లీ వెళ్లలేదు. ఎనభై ఏడో పేజీ మళ్లీ తెరవలేదు.

నాకిప్పుడు నలభై ఆరేళ్లు. పోయిన చలికాలం ఒక విద్యార్థి తన నోట్‌బుక్కు దిద్దమని తెచ్చాడు. 'ఈ రాయి బావి తవ్వే మల్లయ్య చూపించాడు' అని రాసుకున్నాడు. "ఇది కొట్టెయ్యాలా సార్?" అని అడిగాడు. ఆ ఆదివారం ములుగు బస్సెక్కాను.

కొమురమ్మ ఉంది. జుట్టు నెరిసింది, ఒక కన్నుకు పొర వచ్చింది. గొంతును బట్టి గుర్తుపట్టింది.

"నాడి చూసే సారేనా? బుక్కు అయిందా?"

"అయి పదిహేడేండ్లయింది. నీ పేరు రాయలే. మాట తప్పిన."

ఆమె అంది: "నాకెర్కనే. రాసినోడైతే సూపెట్టనీకి అప్పుడే ఉరికొస్తుండె."

"ఇప్పుడన్న రాద్దామని వచ్చిన. పూర్తి పేరు చెప్పు."

చెప్పింది. నేను రాసుకుంటుంటే చేయి పట్టుకుని ఆపింది.

"నా ఒక్కదానిదే రాస్తానవా? దొంగరాయి మూల్గుతదని నాకు చెప్పింది మా అత్త. ఆమె పేరు గూడ రాయి. సాయమ్మ."

థీసిస్ లైబ్రరీలో ఉంది. అచ్చులో తప్పు దొర్లితే తప్పొప్పుల చీటీ అంటించడం మా పద్ధతి. అనుమతి తీసుకుని ఎనభై ఏడో పేజీకి చీటీ అంటించాను: 'కనుగొన్నది గ్రంథకర్త కాదు. చూపినది కొమురమ్మ. ఆమెకు నేర్పినది సాయమ్మ.'

నా విద్యార్థుల నోట్‌బుక్కుల్లో ఇప్పుడు చోటు, రాయి, దిక్కు అనే గడుల పక్కన 'చూపినవారు' అని ఇంకో గడి ఉంటుంది. మొన్న ఒకడు అడిగాడు, "ఎవరూ చూపించకపోతే ఖాళీగా వదిలెయ్యొచ్చా సార్?"

"వదిలెయ్" అన్నాను. "కాని ముందు ఇంకొక్కసారి గుర్తు చేసుకో."