వంతెన దూకిన కారు

సినిమాలో వంతెన మీంచి దూకిన ఆ ఎర్రకారును చూసి ఊరంతా ఈలలు వేసింది. హీరోకు బదులుగా దాన్ని నడిపింది ఆ ఊళ్లోనే ఉండే ఒకామె భర్త. మరో సినిమా కోసం మళ్లీ దూకించబోయి, అందులోనే కన్నుమూశాడు.

ఇన్నాళ్లకు ఆ కారు, మెకానిక్కైన ఆమె కొడుకు షెడ్డుకే వచ్చింది. తుప్పుతో సహా అలాగే పాత కార్ల ప్రదర్శనకు పెట్టాలా, బాగుచేసి నడపాలా అన్నది కారు యజమాని అతనికే వదిలేశాడు. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చినప్పుడల్లా, కొడుకు ఇంజనులో తలదూర్చి కనిపిస్తే ఆమె దాన్ని గుమ్మంలోనే పెట్టి వెళ్లిపోయేది.

ఆవేళ ఆమె గుమ్మంలో ఉండగానే ఇంజను రెండుసార్లు దగ్గి, గర్జించింది. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

"విన్నావా అమ్మా! ప్రదర్శన రోజున నాన్నలాగా నేనే దూకిస్తా."

ఆమె పక్కసీట్లోకి ఎక్కి కూర్చుంది.

"దిగవే అమ్మా, బట్టలకి గ్రీజంటుతుంది."

"అంటనీ. నువ్వు దూకేటప్పుడు నేనూ ఇక్కడే ఉంటా. ఇంకోసారి ఇంట్లో కూర్చుని కబురు కోసం ఎదురుచూడ్డం నావల్ల కాదురా."

కొడుకు నవ్వబోయాడు. సీటు అంచును పట్టుకున్న తల్లి వేళ్లు పాలిపోయి ఉండటం చూశాక నవ్వు రాలేదు. ఇంజను ఆపేశాడు.

"సరేలే, ఉన్నదున్నట్టే పెట్టుకోమని చెబుతా. ఇక దిగు."

"ముందు ఆ తాళం ఇటియ్యి," అంది ఆమె, సీటు వదలకుండానే.