వెంకటప్ప పెద్దనాయన చూపించిన గేటు

మేడమీద ఆరేసిన చీర దులిపితే సన్నటి బూడిదరంగు దుమ్ము రాలింది. గాలి ఎక్కువైతే మా కేజీఎఫ్‌లో ఇది మామూలే. బంగారం తీసేశాక మిగిలిన గని మట్టి ఊరి చుట్టూ కొండల్లా పేరుకుపోయింది, సైనైడ్ దిబ్బలంటాం. ఆ దుమ్ము ఇంకా పంటికింద కరకరమంటుండగానే ఫోన్ మోగింది. బెంగళూరు ఆఫీసులో నా పక్క సీటు సుధ. "ఆదివారం పిల్లల్ని తీసుకుని మీ ఊరొస్తున్నాం. ఏమేం చూడాలో రాసి పంపవా?" అంది. రాద్దామని కూర్చుంటే గుళ్లూ కొండలూ కాదు, ముందు వెంకటప్ప పెద్దనాయన గుర్తొచ్చాడు.

గని లైను ఇళ్లలో మా పక్కిల్లు ఆయనది. బైరకూరులో సేద్యం గిట్టక వాళ్ల నాయన గనిలో చేరాడట. ఆ వెనకే ఆయనా, ఆయన తమ్ముడూ. మా నాన్న గని ఆఫీసులో గుమాస్తా. చుట్టరికం ఏమీ లేదు, అయినా నాకు పెద్దనాయనే. గని మూతపడ్డాక వీధిలో ఎవరింటికి చుట్టాలొచ్చినా ఊరు చూపించే పని ఆయన నెత్తిన వేసుకునేవాడు. ముందుగా తీసుకెళ్లేది మాత్రం గనిలోకి దిగే షాఫ్టు గేటు దగ్గరికి. తుప్పు పట్టిన గేటు, దాని ముందు కాస్త ఖాళీ నేల, ముళ్లకంప. "లోపల రాయి పగిలితే పైన మన ఇండ్లు అదిరేవి. ఆడోళ్లంతా పరిగెత్తుకొచ్చి ఈడ నిల్చుకొనేవాళ్లు" అని చెప్పేవాడు. వచ్చినవాళ్లు మొహమొహాలు చూసుకునేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది.

డిగ్రీలో ఉండగా హాస్టల్ స్నేహితురాళ్లను ఊరికి తీసుకొచ్చాను. ఆ సంగతి ఎలా తెలిసిందో, పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని మా వాకిట్లో నిలబడ్డాడు. "ముందు గేటు కాడికి పోదామా అమ్మా?" అన్నాడు. టైం లేదన్నాను. ఈయనెవరని ఒకమ్మాయి అడిగితే, "మా వీధిలో ఉంటాడులే" అన్నాను. ఆయనకు వినపడింది. నాలుక కరుచుకున్నాను, కానీ ఆగలేదు, ఆటో ఎక్కేశాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి అదే చొక్కాతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఏమేం చూస్తిరమ్మా?" అని అడిగాడు. కోటిలింగేశ్వర, బంగారు తిరుపతి అని చెప్పాను. "బాగుంటాయి. చూడాల్సినవే" అన్నాడు, అంతే. ఆయన తిట్టి ఉంటే నేను ఆ రాత్రి నిద్రపోయేదాన్ని.

స్నేహితురాళ్లను రైలెక్కించి మర్నాడు ఆయన దగ్గరికి వెళ్లాను.

"ఆ గేటు నాకు చూపించు పెద్దనాయనా."

"నువ్వు చూసిందే కదమ్మా."

"మళ్లీ చూపించు."

గేటు ముందుకెళ్లి నిలబడ్డాడు. చుట్టాలెవరికీ చెప్పనిది నాకు చెప్పాడు.

"ఆ పొద్దు రాయి పగిలినప్పుడు నేను ఇంగో పక్కన పనిలో ఉంటిని. బతికి పైకి వచ్చినాను. మీ పెద్దమ్మ ఈడనే ఉండె, నన్ను చూసి ఏడ్చె. పక్కన నా తమ్ముని పెండ్లాం. 'బావా, మీ తమ్ముడు యాడ?' అనె. మీ పెద్దమ్మతో ఇంగ ఇంటికి పోదామని ఎట్ల చెప్పేదమ్మా? నేనూ ఆడోళ్ల మధ్యనే నిల్చుకొంటిని, వాణ్ని పైకి తెచ్చేదాంకా."

తుప్పు గేటు మీద చెయ్యేసి అన్నాడు. "గుళ్లు ఎవురైనా చూపిస్తారు. నేను పోతే దీన్ని ఎవురు చూపిస్తారు?"

నేను చూపిస్తానని ఆ రోజు అనలేకపోయాను. నిన్న ఆయన్ను దాచేసిన నోటితో ఈ రోజు మాటివ్వాలంటే సిగ్గేసింది. ఆయన పోయి ఏడేళ్లయింది. ఈ ఏడేళ్లలో ఎవరడిగినా గుళ్ల పేర్లే రాసి పంపాను. ఊరంటే సిగ్గు ఎప్పుడో పోయింది. ఆ ఖాళీ నేల మీద నిలబడి, "ఏముంది ఇక్కడ?" అనే మొహాలకు ఆయన మాటలు చెప్పే ధైర్యమే రాలేదు. ఆయన అన్నిసార్లు, అందరి ముందూ ఎలా నిలబడ్డాడో!

సుధకు కోటిలింగేశ్వర రాశాను, బంగారు తిరుపతి రాశాను, పిల్లలు ఎక్కడానికి అంతరగంగ కొండ రాశాను. అన్నిటికంటే పైన గేటు అని రాసి పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

"గేటేంటి? అక్కడేముంది?"

"ముందు అక్కడికే వెళ్దాం. నేనొచ్చి చూపిస్తాను" అన్నాను.

ఫోన్ పెట్టేసి, దుమ్ము దులిపిన చీరను ఆదివారం కోసం ఇస్త్రీ చేసుకున్నాను.