అక్క మీద కుళ్లు, మాస్టారి కబాలా

నా చిన్నప్పుడు మా అక్కకు జ్వరం రావాలని వారం రోజులు దేవుడికి దండం పెట్టుకున్నాను. సిగ్గు విడిచి చెప్తున్నాను. నాకప్పుడు పదేళ్లు, అక్కకు పద్నాలుగు. దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నా కడుపుమంటకు కారణం పక్కింటి మాస్టారు.

ఆయనది గుంటూరు వైపు. చాలా ఏళ్లు బొంబాయిలో ఉద్యోగం చేసి వచ్చి, పిల్లలకు లెక్కలు చెప్పేవారు. భార్య పోయాక ఆయన మనసు ఎక్కడా నిలవలేదు. భజనలకు వెళ్లారు, ధ్యానానికి కూర్చున్నారు, ఉపవాసాలున్నారు. చివరికి బొంబాయిలోని యూదు స్నేహితుడొకాయన కబాలా నేర్చుకొమ్మని యూదుల భాషలో ఉన్న ఒక పుస్తకం పంపారు. దేవుణ్ణి తెలుసుకోవడానికి యూదులు గురువు దగ్గర నేర్చుకునే విద్యట అది. దానికి అక్షరాలే తొలిమెట్టట. ఆ స్నేహితుడు పేజీల అంచుల్లో పెన్సిలుతో ఇంగ్లీషులో అర్థాలు రాశారు. మాస్టారికి చూపు మందగించింది కాబట్టి రోజూ సాయంత్రం మా అక్కను పిలిచి ఆ రాతలు చదివించుకునేవారు.

నన్ను పిలవలేదు. తలుపు దగ్గర నిలబడితే "నువ్వు ఇంకాస్త పెద్దయ్యాక రామ్మా" అనేవారు. అక్క ఇంటికొచ్చి ఏమీ చెప్పేది కాదు, పైగా ముసిముసిగా నవ్వేది. నాకంటే ముందు తనే దేవుణ్ణి చూసేస్తుందేమోనని నాకు ఒకటే ఏడుపు. "గంత ఓర్వలేనితనం ఎందుకే నీకు, జర సబర్ పట్టు" అని అమ్మ అంటే ఇంకా మండేది.

ఒక ఆదివారం మాస్టారు కూరగాయలకు వెళ్లారు. వాళ్ల వరండాలో బల్ల మీద పుస్తకం కనిపించింది. అక్క మొదటి నుంచి ఒక్కో పేజీ చదువుతోంది కదా, నేను ఆఖరి పేజీ పట్టేస్తే రహస్యమంతా ముందు నాదే అవుతుందనుకున్నాను. వెనక అట్ట తెరిచి, ఆ పేజీలోని గీతలన్నీ నోటుబుక్కులో దించుతూ కూర్చున్నాను. మాస్టారు ఎప్పుడొచ్చారో చూసుకోలేదు.

"ఏంటమ్మా ఇది?"

"ఆఖరి పేజీ సార్. అక్క ఇంకా గీడికి రాలే. నేనొచ్చిన" అన్నాను, ఏడుపు గొంతుతోనే.

ఆయన నోటుబుక్కును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి పకపకా నవ్వారు. ఆ భాషను కుడి నుంచి ఎడమకు రాస్తారట, పుస్తకమూ అటునుంచే మొదలవుతుందట. నేను దించింది మొట్టమొదటి పేజీ, ఒట్టి అక్షరమాల. నా మొహం మాడిపోయింది.

ఆయన నా పక్కన కూర్చుని, పెద్దవాళ్లెవరూ పిల్లలకు చెప్పని మాట చెప్పారు. "నేనూ ఈ పేజీ దగ్గరే ఉన్నానమ్మా, మూడు నెలలుగా. మీ అక్క వారంలో నేర్చేసుకుంది. తను గడగడా చదువుతుంటే నాకెంత కుళ్లుగా ఉంటుందో తెలుసా? నిన్ను రావద్దన్నదీ అందుకే. ఇంకో పిల్ల కూడా నన్ను దాటిపోతే తట్టుకోలేననిపించింది. దేవుణ్ణి వెతుక్కుందామని కూర్చుంటే నాకు ముందు దొరికింది ఈ కుళ్లేనమ్మా."

అంత పెద్దాయనకు కూడా నాలాగే కడుపు మండుతుందా! అక్కకు జ్వరం రావాలని మొక్కిన సంగతి నేనూ చెప్పేశాను. ఆయన తిట్టలేదు. "సరే, పద, ఇద్దరం కలిసి దిద్దుదాం" అని పెన్సిలు నా చేతికిచ్చారు. సాయంత్రం అక్క వచ్చేసరికి ఇద్దరం ఒకే పేజీ మీద తలలు వంచుకుని ఉన్నాం. అక్క మొహం అప్పుడు చూడాలి! "గిదేంది సార్, దానికి గూడ చెప్తున్నరా?" అని మూతి ముడిచింది.

మాస్టారు పోయి చాలా ఏళ్లయింది. అక్క ఇప్పుడు చంపాపేట్‌లో ఉంటుంది, నేను ఎల్బీనగర్‌లో. ఈమధ్యే ఇద్దరం ఫోనులో జరిగే కబాలా క్లాసులో చేరాం. నేను ప్రశ్న అర్థం చేసుకునేలోపే అక్క జవాబు చెప్పేస్తుంది. అరవై దాటినా నా కడుపుమంట చల్లారలేదు. కానీ ఆ రోజు నుంచి దాన్ని దాచుకోవడం మానేశాను. క్లాసుకు ముందు అక్కకు ఫోన్ చేసి, "అక్కా, ఇయ్యాల గూడ నీ మీద కుళ్లే" అని చెప్పేస్తాను. "నాకెరుకనే, ఇగ పుస్తకం తియ్" అంటుంది. అప్పుడుగానీ పాఠం నా చెవికెక్కదు.