సున్నపు గీత

మా పీఈటీ మేడమ్ పెనాల్టీకి ముందు గోల్ గీత కొత్తగా వేసేవారు. వాకిట్లో ముగ్గేసినట్టు వంగి, వేళ్ల సందుల్లోంచి సున్నం వదిలేవారు. చెరిగిన గీత మీద తీర్పు చెప్పకూడదని ఆవిడ పట్టుదల.

కడియంలో ఫుట్‌బాల్ ఫైనల్ రోజు రిఫరీ రాలేదు. మా గోల్‌కీపర్ ఆవిడ కూతురేనని తెలిసినా, అవతలి జట్టు ఆవిడనే విజిల్ పట్టమంది. మేం ఒక గోల్ ముందున్నాం. ఆఖరి నిమిషంలో వాళ్లకి పెనాల్టీ వచ్చింది. మా కీపర్ బంతిని పట్టేసింది. మేం ఎగిరి గంతేశాం. విజిల్ మోగింది.

"పట్టాను కదండీ మేడమ్!" గ్రౌండులో అమ్మని అలాగే పిలిచేది.

"వాళ్లు కొట్టకముందే నీ రెండు కాళ్లూ గీత దాటేశాయి. ఒక్కటైనా గీత మీదుండాలి. మళ్లీ కొడతారు."

మా వైపు నుంచే ఎవరో తిట్టారు. ఆవిడ వంగి మళ్లీ గీత వేశారు.

రెండోసారీ పట్టేసింది. ఈసారి అందరం ముందు మేడమ్ వైపు చూశాం. కూతురు బంతిని గుండెకి హత్తుకుని, తను కాలు తన్ని ఎగిరిన చోటు చూపించింది. అక్కడ గీత మీద సున్నం పక్కకి చెదిరి ఉంది.

అది చూశాకే మేడమ్ ఆఖరి విజిల్ ఊదారు. ఊపిరి చాలక అది సగమే మోగింది.