గెడ్డ ఒడ్డున నా నాయకత్వం

స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళు కావస్తున్న ఆ కాలంలో, ఏదో ఒక సేవ చెయ్యని మనిషిని చుట్టుపక్కలవాళ్ళు కాస్త అనుమానంగా చూసేవారు. రాయగడలో కొత్తగా పంతులమ్మనైన నేను ఆ అనుమానం నా మీద పడకుండా, ఆదివారాలు పదకొండు మంది ఆడపిల్లలను పోగుచేసి క్రమశిక్షణ నేర్పే పని నెత్తిన వేసుకున్నాను (ఎవరూ వేసుకోమనలేదు). నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. కొరాపుట్‌లో ఉండే మా పెదనాన్న ఎస్టేటు కచేరీలో పదిమంది మీద పెత్తనం చేసినవారు. సంగతి విని ఒక్క సలహా రాశారు: "ముందు నడువు. వెనక్కి చూడకు. చూస్తే అలుసైపోతావు."

అలాగే నడిచాను. వానలు మొదలైన రోజుల్లో ఒక ఆదివారం, ఊరి బయట గెడ్డ (కొండవాగు) దాటి కొండవైపు పిల్లల్ని తీసుకెళ్తూ, ఐకమత్యం గురించి పావుగంట ఉపన్యసించాను. ఎవరూ ఊఁ కొట్టకపోతే శ్రద్ధగా వింటున్నారనుకున్నాను. చివరికి ఉండబట్టలేక తిరిగి చూస్తే వెనక ఒక్క పిల్ల లేదు. అందరూ అల్లంత దూరాన నేరేడుచెట్టు కింద ఉన్నారు, నాలుకలు ఊదారంగులో. "లైను ఏదీ?" అని అరిచాను. "సెట్టు కాడుంది టీచరమ్మా," అంది గుణుపూరమ్మి. (గుణుపూర్ దగ్గర రైతుల పిల్ల, పదమూడేళ్ళది. చదువుకోసం మేనత్త ఇంట్లో ఉండేది. ఎదురు మాట్లాడకుండా ఏ పనీ చేసేది కాదు.)

తిరుగుదారిలో గెడ్డ దగ్గరకొచ్చేసరికి దూరపు కొండల మీద మబ్బు నల్లగా దిగింది. నీళ్ళు మాత్రం పొద్దున్నలాగే పిక్కల దాకానే ఉన్నాయి. "దిగండి, ఒకరి వెనక ఒకరు," అన్నాను. గుణుపూరమ్మి ఒడ్డున రాయి మీద కూర్చుండిపోయింది.

"నేను దిగను టీచరమ్మా. నీరు ఎర్రబడింది సూడండి. పైన వాన పడతంది."

"ఇక్కడ చినుకు లేదు. లే."

"ఇక్కడ కాదండి, పైన. మా ఊర్లో గెడ్డ ఇలాగే వస్తాది. మీకు తెల్దు."

ఆ 'తెల్దు' నా ఒళ్ళు మండించింది. అది చాలదన్నట్టు మిగతా పదిమందీ ఆమె పక్కన చతికిలబడ్డారు. నీలాంటివాళ్ళ వల్లే దేశం ఇలా ఉందని అందరి ముందూ తిట్టి, దారి చూపించడానికి నేనే నీళ్ళలోకి దిగాను. రెండడుగులు వేశానో లేదో, గుణుపూరమ్మి పరుగున వచ్చి నా పైటకొంగు పట్టి ఒడ్డు మీదికి లాగేసింది. బురదలో వెల్లకిలా పడ్డాను. ఈసారి ఏమని తిట్టాలా అని వెతుక్కుంటుండగా మలుపు అవతల నుంచి హోరు వినిపించింది. చూస్తుండగానే గెడ్డ నిండిపోయింది. వేళ్ళతో సహా ఒక చెట్టు నేను నిలబడిన చోటు మీదుగా కొట్టుకుపోయింది.

ఆ తర్వాత ఆజ్ఞలన్నీ గుణుపూరమ్మివే. చిన్నవాళ్ళు పైకెక్కాలి, ఎవరూ ఒడ్డుకి రాకూడదు, ఒళ్ళో కట్టుకున్న నేరేడుపళ్ళు పంచుకోవాలి. నేనూ ఆ పిల్ల చూపించిన చోట కూర్చుని, ఇచ్చిన నాలుగు పళ్ళూ తిన్నాను. పొద్దు వాలేవేళకు నీళ్ళు తగ్గాక, కర్రతో లోతు చూసుకుంటూ ఒక్కొక్కరినీ దాటించింది. చివర నాకోసం వచ్చి, "నా సెయ్యి ఒగ్గకండి టీచరమ్మా," అంది. ఒగ్గలేదు.

మరుసటి ఆదివారం ఆ పిల్ల రాలేదు. ఊడుపులకని వాళ్ళ నాన్న వచ్చి తీసుకుపోయాడట. మళ్ళీ బడికి పంపలేదు. గెడ్డ దాటి వచ్చిన ఆరోజు, నీ వల్లే బతికానని దారిపొడవునా ఆ పిల్లతో అనాలనిపించింది. కానీ అంటే అలుసైపోతానని బిగుసుకుని, బురద చీరతో, అందరికంటే ముందు నడిచాను. ఒంటినిండా మట్టితో తల ఎత్తుకుని రాయగడ వీధిలో పోతున్న ఆ పంతులమ్మ తలపుకొస్తే ఇప్పటికీ చిరాకు వేస్తుంది. కాసేపటికి జాలేసి, నవ్వుకుంటాను.