ఆరు గీతల కార్డు

వెంకటనర్సుకు కుదురు లేదు. కూర్చుంటే మోకాలు ఆడుతుంది, నిలబడితే వేలు గోడ మీద ఏదో రాస్తుంటుంది. అన్నం ముందు కూర్చుని కూడా పచ్చిమిరపకాయలను పొడుగు వరసలో పేర్చే మనిషి. తినేకాడ కూడా ఈ వరసలేమిటని భార్య ఆండాళు పెళ్ళయిన నాటి నుంచీ అడుగుతూనే ఉంది, ఆయన పేరుస్తూనే ఉన్నాడు.

ఆత్మకూరుకు రెండు కోసుల దూరంలో ఉన్న ఒక నేతగాళ్ళ ఊళ్ళో ఆయన సంఘం గుమాస్తా. నెలకోసారి మగ్గానికి ఇంత అని నూలు పంచేవారు. ఎవరికి ఏ నూలు కావాలో ఒక లావుపాటి బుక్కులో ఉండేది. ఉండేది అనడం మర్యాదకే. మనిషి పేరు పదో పేజీలో, వాడి మగ్గం సంగతి నలభయ్యో పేజీలో, నూలు సన్నదనం చెప్పే నంబరు ఏ అంచునో పెన్సిలుతో. జనం ఎండలో నిలబడి ఉంటే వెంకటనర్సు చెమటలు కక్కుతూ పేజీలు తిప్పేవాడు. ఒకసారి అరవై నంబరు నేసేవాడికి ఎనభై నంబరు నూలు పోయింది. ఆ వారమంతా ఆయనకు తిండి సయించలేదు.

పందొమ్మిది వందల యాభై తొమ్మిది ఎండాకాలంలో ఆయనకు కార్డుల ఆలోచన పుట్టింది. మగ్గానికి ఒక కార్డు. ఆ మగ్గం గురించి తెలియాల్సిందంతా అందులో ఉండాలి, తెలియక్కర్లేనిది ఒక్క ముక్క కూడా ఉండకూడదు. అట్టలు కత్తిరించి మొదట పద్నాలుగు గీతలు గీశాడు. మరీ ఎక్కువని చింపాడు. నాలుగు గీశాడు. ఏం చాలుతాయని అవీ చింపాడు. నెల రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. సంఘం అధ్యక్షుడు పరమేశ్వర్ ఆ అట్టలు చూసి, ఇంట్లో మేకలెన్నో, మనిషి నమ్మదగినవాడో కాదో కూడా రాయమన్నాడు. వెంకటనర్సు ఒప్పుకోలేదు.

"కార్డు ఉన్నది చెప్పాలె, గంతే. మంచోడా చెడ్డోడా అని తీర్పు చెప్పుడు దాని పని గాదు" అన్నాడు.

చివరికి ఆరు గీతలు నిలిచాయి. పేరు, తండ్రి పేరు, వాడ, మగ్గం రకం, బట్ట పన్నా అంటే వెడల్పు, నూలు నంబరు. అన్నీ సిరాతోనే. ఏదైనా మారితే దిద్దడం లేదు, పాత కార్డు చింపి కొత్తది రాయడమే. దిద్దిన కార్డును ఎవడూ నమ్మడని ఆయన పట్టు. నిజం చెప్పాలంటే మంచి పద్ధతే. మొదటి పంపకం పొద్దు నడినెత్తికి రాకముందే అయిపోయింది. ముసలివాళ్ళు కూడా మెచ్చుకున్నారు.

అక్కడ ఆగితే వెంకటనర్సు ఎందుకవుతాడు? పెట్టె తీయడం, కార్డులు తిరగేయడం, మూయడం, మళ్ళీ తీయడం. బుక్కులో పేరున్న పేజీ చూసి ఒకసారి, మగ్గం సంగతి ఉన్న పేజీ చూసి ఒకసారి ఎక్కించడం వల్ల కొందరికి రెండేసి కార్డులు పడ్డాయని కనిపెట్టాడు. దానికో నియమం పెట్టుకున్నాడు. ఆరు గీతలూ కలిస్తే అవి రెండు కాదు, ఒకటే. రెండోది చింపెయ్యాలి. ఒక మధ్యాహ్నం కూర్చుని తొమ్మిది చింపాడు. మరునాడు నూలు పనిమీద మహబూబ్‌నగర్ వెళ్ళిపోయాడు.

ఎనిమిది సరిగ్గానే చింపాడు. తొమ్మిదోది పడమటి వాడ ఉప్పలయ్యది, తండ్రి చంద్రయ్య, కాళ్ళు గుంటలో దించి నేసే గుంట మగ్గం, ఎనభై నంబరు నూలు.

చంద్రయ్య భార్య మైసమ్మకు వరసగా నలుగురు పుట్టి పోయారు. ఐదో కాన్పుకు ఉప్పలమ్మకు మొక్కుకుంది, బిడ్డ బతికితే నీ పేరే పెడతానని. బతికాడు. తర్వాత ఇంకొకడు పుట్టాడు. పేరు మారిస్తే అమ్మవారికి కోపం వస్తుందేమోనని వాడికీ ఉప్పలయ్య అనే పెట్టింది. ఆ వైపు ఊళ్ళలో ఇది వింత కాదు. పెద్దోడు, చిన్నోడు అంటే సరిపోతుంది. చిన్నోడు వెంకటనర్సుతో కలిసి వాగులో ఈత నేర్చినవాడే. కానీ ముప్పై ఏళ్ళలో వెంకటనర్సు వాణ్ణి ఒక్కసారైనా ఉప్పలయ్యా అని పిలిచిన పాపాన పోలేదు. కార్డు మీద ఆ పేరు చదివితే పెద్దోడే కళ్ళ ముందు నిలిచాడు. చెయ్యి తన పని తాను చేసింది.

వెంకటనర్సు ఊళ్ళో లేకపోవడంతో పంపకం పరమేశ్వరే జరిపాడు. ఉప్పలయ్య పేరు ఒక్కసారే పిలిచాడు. పెద్దోడు నూలు తీసుకుని వెళ్ళాడు. చిన్నోడు పెట్టె మూసేదాకా నిలబడి, నోరు విప్పకుండా ఇంటికి పోయాడు. అడగడం చేతకాని మనిషి. పడుగు దారాలు సాగదీసే జాగా గురించి అన్నదమ్ములకు అంతకు వారం ముందే మాటా మాటా వచ్చింది. అన్నే తన పేరు తీయించాడనుకున్నాడు. మూడో రోజుకు మూట కట్టాడు. షోలాపురం మిల్లుల్లో పని ఎప్పుడూ దొరుకుతుంది.

ఆ పొద్దునే వెంకటనర్సు ఊరు చేరాడు. సంఘం మెట్ల మీద మైసమ్మ కూర్చుని ఉంది. చిన్నోడు రాయచూరు బస్సు కాడికి పోయాడని, నూలు ఇయ్యలేదన్నాడని చెప్పింది. అట్లా జరగదని వెంకటనర్సు కొట్టిపారేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు కదా. పెట్టె తెచ్చి కార్డు తీసి, ఆరు గీతలూ ఆమెకు గట్టిగా చదివి వినిపించాడు.

"గిది పెద్దోనిది" అన్నది మైసమ్మ. "చిన్నోనిదేది?"

ఎన్నడూ ఆగని ఆయన మోకాలు ఆగిపోయింది.

"రెండు ఒక్క తీరుగ ఉంటే, ఒకటి ఎక్కువైందని చింపిన పెద్దవ్వా."

మైసమ్మ ఏడవలేదు. "నలుగురిని మట్టిల పెట్టిన నర్సూ. ఉప్పలమ్మ ఇద్దరినిచ్చింది. నువ్వు ఇద్దరిని ఒక్కణ్ణి జేసి, ఒకణ్ణి చింపినవ్."

వెంకటనర్సు చెప్పులు కూడా వేసుకోకుండా బస్సు కాడికి ఉరికాడు. డ్రైవరు ఇంకా చాయ తాగుతున్నాడు. చిన్నోడు కిటికీ పక్కన ఒళ్ళో మూటతో కూర్చున్నాడు, మూటలోంచి మగ్గంలో పోగు నడిపే నాడె కొన బయటికి కనిపిస్తోంది. పెద్దోడు దూరంగా గోడవారన నిలబడ్డాడు. సాగనంపడానికి వచ్చాడు గానీ దగ్గరికి రావడానికి మనసొప్పలేదు. పంపకంలో పొరపాటు జరిగిందని గొణిగి దించేస్తే సరిపోయేది. ఆ మాట వెంకటనర్సు నాలుక దాకా వచ్చింది కూడా. తన కార్డుల పరువు దక్కుతుంది, కానీ వాడి మనసులో అన్న దొంగగానే మిగిలిపోతాడు. కిటికీ ఊచలు పట్టుకుని బస్సంతా వినేటట్టు చెప్పాడు.

"మీ అన్న ఏం జెయ్యలే. నీ కార్డు చింపింది నేను."

చిన్నోడు కిటికీ వైపు వంగాడు. "యాది మరిచినవా నర్సన్నా?"

"నువ్వు యాదికున్నవ్‌రా. నీ పేరే యాదికి లేదు."

గోడవారనున్న పెద్దోడు వచ్చి కిటికీలోంచి మూట అందుకుని భుజాన వేసుకున్నాడు. మూట వెంట మనిషి దిగాడు.

ఆ తర్వాత మూడు రోజులు వెంకటనర్సు సున్నం డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ప్రతి మగ్గం గుంట పక్కన గోడకు ఒక నంబరు వేశాడు. ఏ రెండు గుంటలకూ ఒకే నంబరు పడకుండా చూసుకున్నాడు. కార్డు మీద అన్నిటికంటే పైన ఏడో గీత వచ్చింది. పరమేశ్వర్ నవ్వాడు, ఆరే చాలని నెలంతా కొట్లాడింది నువ్వే కదా అని. వెంకటనర్సు నవ్వలేదు.

తర్వాతి పంపకానికి ముందు మైసమ్మ వచ్చి రెండు కార్డులూ చూపించమంది. పక్కపక్కన పెట్టాడు. ఆమెకు చదువు రాదు. ఏది ఎవరిదని అడిగి, చూపించిన చోట రెండింటి మీదా రెండు చేతులూ ఆనించి కాసేపు అట్లాగే కూర్చుంది.

"ఉన్నరు, ఇద్దరున్నరు" అని లేచి ఇంటికి పోయింది.