మా బావ జపాన్ మనిషి కాదు

మొన్న ఆదోనిలో ఒక కాఫీ హోటల్లో కూర్చుని ఉండగా, మూడేళ్ల కిందట కలిసి ఒకే దేశమైన ఈజిప్టు, సిరియాలు మళ్లీ విడిపోయాయని రేడియోలో చెప్పారు. పక్క బల్ల దగ్గర నా ఈడు పత్తి వ్యాపారి ఒకాయన కాఫీ చల్లార్చుకుంటూ, "జపాన్ దలాలి బతికుండింటే ఇది మనకు పోయిన నెలనే తెలిసుండునప్పా" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆ జపాన్ దలాలి మా అక్క భర్త. ఆయన పోయి మూడేళ్లు దాటినా ఆ పేరు మాత్రం పోలేదు. ఆ పేరు రావడానికి కారణం నేను. అయినా మొన్న కూడా తల వంచుకుని కాఫీ తాగి ఇంటికి వచ్చేశాను. వచ్చాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

మాది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. అక్కను ఆదోనిలో పత్తి దలాలికి ఇచ్చారు. నేను ఎస్సెల్సీ గట్టెక్కగానే బావ ఒక జిన్నింగు మిల్లులో నన్ను గుమాస్తాగా చేర్పించి, వేరే పూటకూళ్లింటికి పోనీయకుండా తమ ఇంట్లోనే పెట్టుకున్నారు. మద్రాసు పేపరు రైల్లో మరునాటికి గానీ మాకు అందేది కాదు. సాయంత్రం మండీలో నేను దాన్ని గట్టిగా చదివి తెలుగులో చెబుతుంటే దలాలీలు, బండ్లు తోలుకొచ్చిన గోనెగండ్ల రైతులు చుట్టూ చేరేవారు. ఆస్ట్రియా వెళ్లి జర్మనీలో కలిసిందని నేను చదివిన రోజు ఒక రైతు, "కలిసినారా, కలిపేసుకున్యారా? సరిగ్గా సూసి చెప్పప్పా" అని అడగడం నాకింకా గుర్తుంది. మరుసటి ఏడు, బద్ధశత్రువులైన జర్మనీ, రష్యా చేతులు కలిపాయని చదివినప్పుడు నా మాట ఎవరూ నమ్మక, పేపరు చేతికి తీసుకుని తిరగేసి చూశారు. ఇరవై రెండేళ్లవాడికి అదంతా ఎంత గొప్పగా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పటివాళ్లకు తెలియదు గానీ, ఆనాడు పత్తి మండీలో ధర నోటితో చెప్పేవారు కాదు. కొనేవాడూ దలాలీ కుడిచేతులు కలిపి, మీద తువాలు కప్పుకునేవారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ ఉన్నవాళ్లకు తువాలు కదలడం తప్ప ఏమీ కనిపించేది కాదు. మా బావ మాత్రం వేళ్ల లెక్కతో ఆగక, ఎదుటి చేతి బిగువును బట్టి, చెమటను బట్టి ఆ మనిషికి కొనాలని ఎంత ఉందో, అతని వెనకున్న కంపెనీకి ఏం భయం పట్టుకుందో చెప్పేవారు. అవి నిజమయ్యేవి కూడా. రానురాను జనం నా చుట్టూ పలచబడి ఆయన చుట్టూ చేరసాగారు.

ఫ్రాన్సు ఓడిపోతున్న రోజుల్లో, ఇంగ్లండూ ఫ్రాన్సూ కలిసి ఇక ఒకే రాజ్యంగా ఉందామని ఇంగ్లండు వాళ్లు అడిగిన సంగతి పేపర్లో వచ్చింది. నేను ఉప్పొంగిపోయి, ఇకమీదట వాళ్లను ఓడించేవాడు లేడని ఉపన్యాసం లాంటిది ఇస్తుండగానే, ఫ్రాన్సు చేతులెత్తేసిందని రైల్వే స్టేషన్లో తంతి కబురు విని వచ్చినవాళ్లు చెప్పారు. బావ తువాలు భుజాన వేసుకుంటూ, "మా బావమరిది వడ్డించేది నిన్నటి కూడు. సద్దిదైనా మంచిదే, తినండప్పా" అన్నారు. ఆయన ప్రేమగానే అన్నారు. నేను మాత్రం ఆ రాత్రి అన్నం తినలేదు.

మరుసటి ఏడు ఎండాకాలం వెళ్లాక, మన పత్తి కొనే ఒక జపాన్ కంపెనీ ఏజెంటు మండీకి వచ్చి బావతో తువాలు కింద చెయ్యి కలిపి, ఏమీ కొనకుండానే వెళ్లిపోయాడు. బావ నా వైపు తిరిగి, "ఆ చెయ్యి చూస్తివా, చన్నీళ్లలో పెట్టినట్లుండాది. వానికి కొనే పని లేదు, ఊరికే వచ్చినాడు. ఇంగ్లీషోళ్లకూ జపానోళ్లకూ చెడింది, యుద్ధమొస్తాది" అన్నారు. ఆ ఏడాది చివర్లో యుద్ధం వచ్చింది.

అప్పటినుంచి నేను ఆయన్ను కనిపెట్టి చూడసాగాను. ఆయన పెట్టెలో ఆ కంపెనీ క్యాలెండరు ఉండేది, దాని మీద నాకు తెలియని అక్షరాలు. కొత్తవాళ్లు ఎవరైనా ఇంటికి వస్తే అరుగు మీద కాకుండా లోపల ఎందుకు మాట్లాడుతున్నారా అనుకునేవాణ్ణి. అక్క ఒకసారి, "ఏందిరా, మీ బావను అట్ల దొంగను చూసినట్లు చూస్తాండావు" అని నవ్వింది. విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడి, మద్రాసు నుంచి జనం మూటాముల్లెలతో మా ఊళ్లకు కూడా రావడం మొదలయ్యాక అందరి కళ్లూ నా కళ్ల లాగే అయ్యాయి. కోసిగి దగ్గర రైలు కట్ట మీద ఎవరో కొత్త మనిషి తిరుగుతున్నాడన్న పుకారుకే ఊరు ఊరంతా తలుపులు వేసుకుంది. ఆ వారంలోనే నేను పోలీసులకు ఆకాశరామన్న అర్జీ రాశాను.

అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. యుద్ధం వస్తుందని ఈయనకు ముందే తెలుసనీ, జపాన్ ఏజెంటుతో తువాలు కింద మంతనాలు చేశాడనీ, పెట్టెలో జపాను రాతలు ఉన్నాయనీ రాశాను. మండీలో ప్రతి దలాలీ అట్లాగే తువాలు కప్పుకుంటాడని రాయలేదు. ఆ క్యాలెండరును కంపెనీ దలాలీలందరికీ పంచిందని రాయలేదు. తనకెలా తెలిసిందో ఆయన నాకే విడమరచి చెప్పారని అసలే రాయలేదు. నా అనుమానం పూర్తిగా నటన కాదు. నిజం కావాలని కోరుకున్న అనుమానం అది.

ఆయన్ను బళ్లారి తీసుకుపోయి, ఏ నేరమూ మోపకుండా ఏడు నెలలు జైల్లో ఉంచి వదిలేశారు. తిరిగొచ్చి తెల్ల పంచె కట్టుకుని, తువాలు వేసుకుని మండీకి వెళితే, అప్పటికే జపాన్ దలాలి అని పేరు పడిపోయింది, ఒక్కరంటే ఒక్కరు కూడా ఆయనతో చెయ్యి కలపలేదు. మూడు రోజులు వెళ్లారు. మూడో రోజు సాయంత్రం ఇంటి అరుగు మీద, "రాప్పా, నువ్వన్నా చెయ్యియ్యి. అలవాటు తప్పిపోతాంది" అని నా కుడిచేతి మీద తువాలు కప్పి, వేళ్లన్నీ కలిపి పట్టుకున్నారు. ఎంతసేపు పట్టుకున్నారో నాకు తెలియదు. తర్వాత తువాలు తీసి, మెల్లగా మడిచి, "చల్లగుండాది" అని మాత్రం అన్నారు.

ఆ తరువాత అక్కను తీసుకుని ఎమ్మిగనూరు వెళ్లి నూలు కొట్టు పెట్టుకున్నారు. నేను ఎప్పుడు వెళ్లినా, "చదువప్పా, ఈపొద్దు ఎవరు కలిసినారో, ఎవరు ఇడిపోయినారో" అని పేపరు నా చేత చదివించుకునేవారు. ఆ ఈజిప్టు, సిరియాలు ఒకటయ్యాయని చదివితే, "చూద్దాంలే" అన్నారు. అదే మేము కలిసి చదివిన చివరి పేపరు. అర్జీ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అక్కకు తెలుసో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఈ కాగితాలు అచ్చుకు పంపే ముందు, రేపటి బస్సుకు ఎమ్మిగనూరు వెళ్లి మొదట ఆమెకు చదివి వినిపిస్తాను.

ఇప్పుడు మండీలో అందరికీ వినిపించేలా వేలం పాడుతున్నారు. తువాలు చెమట తుడుచుకోవడానికే మిగిలింది. అమెరికా, రష్యా ఒకదాన్నొకటి అనుమానించుకోవడంతో జర్మనీలో ఒక ఊరి నడుమ గోడ లేచిందంటే, ఆ కబురు అదే పూట హోటల్లో కాఫీతో పాటే వచ్చేస్తోంది, నా వంటి పేపరు చదివేవాడితో ఎవరికీ పని లేదు. కానీ ఎదుటివాడి చెయ్యి పట్టుకుని, అంతా తెలుసుకుని, తెలిసినదాన్ని మళ్లీ తువాలులోనే మడిచి దాచిపెట్టుకునే మనుషులు మాత్రం నాకు మళ్లీ కనిపించలేదు.